నా కుడి భుజం పక్కన ట్యాంకర్ చక్రం

సిగ్నల్ దగ్గర తల తిప్పితే కుడి భుజం పక్కనే నీళ్ల ట్యాంకర్ ముందు చక్రం. నట్ల చుట్టూ ఎండిన ఎర్రమట్టి కూడా కనిపిస్తోంది. అంత దగ్గరగా ఉన్నానంటే డ్రైవరుకు నేను కనిపించడం లేదు.

రికంబెంట్ సైకిల్ మీద వెనక్కి వాలి కూర్చుంటే తల దాదాపు కారు కిటికీ ఎత్తులో ఉంటుంది. కారు నడిపేవారికి బాగానే కనిపిస్తాం. ఎత్తయిన క్యాబిన్‌ పక్కన ఉన్నామంటే మాత్రం లేనట్టే. ఈ రోజు ముందు ఆగింది నేనే, ట్యాంకరే తర్వాత వచ్చి పక్కన చేరింది.

రెండు పాదాలూ నేలకు ఆన్చి వెనక్కి జరగబోయాను. వెనకున్న ఆటో ఆయన హారన్ కొట్టలేదు. నా సీటు వెనక కర్రకు కట్టిన నారింజ జెండాను చూసి, తన బండిని మూడడుగులు వెనక్కి తీసుకున్నారు.

పచ్చ లైటు పడింది. ట్యాంకర్ ఇండికేటర్ వేయకుండానే ఎడమకు తిరిగింది. దాని వెనక చక్రాలు నేను ఆగిన చోటు మీదుగానే వెళ్లాయి.

చేతులు వణికాయి. ఆగే ముందే గేరు తేలిక చేసి ఉంచాను కాబట్టి కదలగలిగాను. దీని మీద లేచి నిలబడి తొక్కడం కుదరదు కదా.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఈ భయం ఉండదు. కానీ నా ఆఫీసు దారి అటు కాదు.

ఆటో ఆయనకు చెయ్యెత్తి దండం పెట్టాను. రేపటి నుంచి ఇక్కడ అంచున ఆగను. వరుస మధ్యలో, ఏదో ఒక కారు వెనకే ఆగుతాను.