బీదరీ పాందాన్: మూడు నెలల పని ఇప్పటిదాకా

పోయిన నవంబర్‌ల మహబూబ్‌నగర్ల ఒక పాత సామాన్ల దుకాణంల దొరికిన పాందాన్ (తమలపాకులు, వక్క, సున్నం పెట్టుకునే అరల డబ్బా) గురించి రాస్త రాస్త అనుకుంటనే మూడు నెలలు గడిచినయి. ఇప్పుడు పని ఒక కొలిక్కి వచ్చింది కాబట్టి మొత్తం రాస్తున్న, ఎవరింట్లనన్న నాయనమ్మల కాలంది ఇట్లాంటిది ఉంటె అక్కరకొస్తది.

ఆ రోజు నేను పోయింది రాగి చెంబుల కోసం. చాచా తూకం వేస్తుంటె మూలకు విరిగిన ఫ్యాన్ రెక్కల కింద గుండ్రటి నల్ల డబ్బా కనిపించింది. ఇనుమా చాచా అంటె, "ఇనుమైతె అయస్కాంతం పట్టాలె కద తమ్మీ, పట్టలే. ఇత్తడి గూడ కాదు. 1,500 ఇచ్చి తీస్కపో" అన్నడు. చేతిలకు తీసుకుంటె మంచి బరువు. అడుగున గీత పడ్డ కాడ బూడిద తెలుపు కనిపిస్తున్నది, మూత మీద దుమ్ము వేలితో తుడిస్తె సన్న తీగ లాంటి గీతలు, గోరు ఆనిస్తె ఎత్తు లేదు పల్లం లేదు, లోహంల కలిసిపోయి ఉన్నయి. అప్పుడు అర్థమైంది. ఇది బీదరీ చాచా, ఆ తీగ వెండి అని చెప్పిన, దాచిపెట్టి కొనుడు నాకు నచ్చదు. ధర 2,500 అయింది, ఇచ్చిన. ఇంటికొచ్చి కొలిస్తె 14 సెంటీమీటర్ల వెడల్పు, 860 గ్రాములు.

తెలియనోళ్ల కోసం: బీదరీ అంటె వెండి సామాను కాదు, ఇనుము కాదు. దాదాపు 16 పాళ్ల జింకుకు ఒక పాలు రాగి కలిపి ఇసుక అచ్చుల పోత పోస్తరు. పైన మైలుతుత్తం నీళ్లు రుద్ది తాత్కాలికంగ నల్లగ చేసుకొని, కలంతో (సన్న ఉలి) డిజైన్ చెక్కి, ఆ గాడిల వెండి తీగనో రేకునో పెట్టి సుత్తితో కొడ్తరు. తీగ పనిని తార్‌కషీ అంటరు, రేకు పనిని తెహ్‌నిషాన్ అంటరు. నా పాందాన్ మూత మీద రెండూ ఉన్నయి, పువ్వులు రేకు, కొమ్మలు తీగ. చివరికి కర్ణాటకల ఉన్న బీదర్ కోట లోపలి మట్టిల నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) కలిపి రుద్దితె జింకు భాగం నల్లబడ్తది, వెండి మాత్రం తెల్లగనే ఉంటది. మొత్తం అందమంతా ఈ నలుపుతోనే.

ఈ ముచ్చట నాకు మొదటిసారి తెలిసింది నష్టపోయినంకనే. రెండేండ్ల కింద ఒక చిన్న బీదరీ పూలకుండీని, అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు ఉప్పు పెట్టి తోమిన. పది నిమిషాలల్ల నలుపు పోయి సిమెంటు రంగు మచ్చలు తేలినయి. పులుపు జింకును తింటది. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, ఇత్తడి తోమే పొడులు, వెండి ముంచి తీసే ద్రావణాలు, ఇవేవీ దీనికి వద్దు. ఆ కుండీ పట్టుకొని బీదర్ దాకా పోయిన. చౌబారా అనే పాత బురుజు దగ్గరి గల్లీల ఒక ఉస్తాద్ దాన్ని మళ్ల నలుపు చేసిచ్చిండు. మట్టి చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకొని చూసి, ఇది పనికొస్తది అన్నడు. ఎండ వాన తగలని చోటి మట్టే కావాలంట. ఆయన వేళ్లు మణికట్టు దాకా నల్లగ ఉన్నయి, అది ఇప్పటికి కండ్ల ముందరే ఉంది.

అందుకే ఈ పాందాన్ విషయంల అస్సలు తొందరపడలే. బయట దుమ్ము మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులిపి, ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డతో పొడిగ తుడిచిన, అంతే. అసలు కష్టం లోపల. ఎన్నేండ్ల సున్నమో ఏమో, అరల మూలలల్ల రాయి లెక్క గట్టిపడి ఉంది, దాని మీద కాచు మరక ఎర్రగ. సున్నాన్ని కరిగించాలంటె పులుపే కావాలె, పులుపు పెడ్తె లోహం పోతది. ఇగ వెదురు టూత్‌పిక్ ఒక్కటే దారి. రోజు రాత్రి అన్నం తిన్నంక అర్ధగంట, భూతద్దం కింద గోకుడు, పదకొండు రోజులు పట్టింది. ఇనుప సూది ముట్టొద్దు, ఒక్కసారి జారితె గీత శాశ్వతం. వెండి మీద మసకను చెవి పుల్లతో పువ్వు పువ్వుకు మెల్లగ రుద్దిన, రెండు పువ్వులు తెల్లబడంగనే ఆపేసిన, ఎందుకంటె పక్కన నలుపు కొద్దిగ దూదికి అంటింది. మిగిలినయి అట్లనే ఉండనీ. చివరికి గుడ్డ మీద రెండు చుక్కల కొబ్బరి నూనె వేసి పైపైన తుడిచిన, నలుపు ఒక్కసారి లోతుగ వచ్చింది, చూస్తుంటె కడుపు నిండింది.

పెట్టుడు గురించి గూడ చెప్పాలె. మూత విడిపోకుండ రబ్బరు బ్యాండు వేసే అలవాటు మస్తుమందికి ఉంది, రబ్బర్ల గంధకం ఉంటది, అది తాకిన కాడ వెండి మీద నల్ల చార పడ్తది. ఉలెన్ గుడ్డ గూడ అంతే. నేను నూలు గుడ్డల చుట్టి, సిలికా జెల్ పొట్లం ఏసి అల్మారాల పెట్టిన, వానాకాలం వస్తె పొట్లం మారుస్త. తేమ తగిలితె జింకు మీద తెల్ల పొడి లేస్తది. ఇంకోటి, జింకు పెళుసు, చేతుల నుంచి జారితె ఇత్తడి లెక్క సొట్ట పడదు, పగుల్తది.

డిజైన్ పోల్చుకుందామని జనవరిల హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం పోయిన. శుక్రవారం బంద్ ఉంటది, చూసుకొని పోండ్రి. హుక్కాలు, సురాయిలు, పాందాన్లు చూస్త నిలబడితె రెండు గంటలు ఎట్ల పోయినయో తెలియలే.

ఇప్పటికి నా దగ్గర బీదరీ ఏడు వస్తువులైనయి. ప్రతిదానికి ఫోటో, కొలత, బరువు, ఎక్కడ కొన్న, ఎంతకు, అన్నీ నోట్‌బుక్‌ల రాసిపెడ్త. వందేండ్లు దాటిన కళావస్తువులకు 1972 పురావస్తు చట్టం వర్తిస్తది, బయటి దేశానికి తీసుకపోవుడు కుదరదు, అందుకే రసీదు అడిగి తీసుకుంట. గుడి విగ్రహం, శిల్పం ముక్క మాత్రం ఎవరెంత తక్కువకు ఇస్తమన్నా ముట్టను. అవి గుళ్లనో, నల్లగొండ పానగల్లు మ్యూజియం లాంటి చోటనో ఉండాలె.

పాందాన్ మూత మీద ఒక పువ్వుకు ఎనిమిది రెక్కలల్ల ఒకటి లేదు, రేకు ఊడిపోయి గాడి మాత్రమే ఉంది. బీదర్ల కొత్త రేకు వేయించొచ్చు, ఉస్తాద్‌కు ఫోటో పంపిన, చేస్త అన్నడు. కాని ఆ గాడిని భూతద్దంల చూస్తె చెక్కినోళ్ల కలం దెబ్బలు ఒక్కొక్కటి కనిపిస్తయి, ఒకటి కొద్దిగ పక్కకు జరిగి ఉంది. వేయించుడు ఆపేసిన.