కథ రాసే చేత్తో పిల్లలకు చరిత్ర రాయాలంటే

డిటెక్టివ్ నవలలు, హాస్యకథలు, నాటికలు అన్నీ రాసిన చెయ్యి కూడా పిల్లల చరిత్ర పుస్తకం దగ్గరికి వచ్చేసరికి పాఠ్యపుస్తకం గొంతు తెచ్చుకుంటుంది. రాజు పుట్టాడు, పట్టాభిషేకం అయింది, మూడు యుద్ధాలు గెలిచాడు, స్వర్ణయుగం, మరణం. తిరుపతి చుట్టుపక్కల చరిత్ర రాసేవాళ్లకు ఈ దారి పట్టాల్సిన అవసరమే లేదు. మామూలు మనుషులు ఎంత డబ్బు కట్టారో, దాంతో ఏం చేశారో, ఎవరు తిన్నారో మన గుడి గోడలమీద రాసే ఉంది.

తిరుమల, తిరుపతి గుళ్లలో వెయ్యికి పైగా శాసనాలున్నాయి. ఎక్కువ భాగం తమిళం, మిగతావి తెలుగు, కన్నడ, సంస్కృతం. శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వీటిమీద పెద్ద పని చేశారు. దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. ఎవరో రాసిన చరిత్ర పుస్తకాన్ని పిల్లలకోసం కుదించేకంటే ఈ సంపుటాల్లోంచి ఒక్క శాసనం తీసుకుని మొదలుపెట్టడం ఎంతో మేలు.

విజయనగర కాలపు శాసనాల్లో తరచుగా కనిపించే ఏర్పాటు ఇది. ఒక భక్తుడు శ్రీభండారానికి, అంటే గుడి ఖజానాకు, కొన్ని పణాలు (ఆనాటి నాణేలు) కడతాడు. ఆ డబ్బుతో దేవస్థానం ఊళ్లో చెరువో కాలువో తవ్విస్తారు. నీళ్లు వచ్చి పంట పెరుగుతుంది. పెరిగిన పంటలోంచి రోజూ స్వామికి ఇన్ని తళిగల (పళ్లేల) నైవేద్యం. ఆరగింపు అయ్యాక ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. శాసనాల్లో దాన్ని ‘విట్టవన్ విళుక్కాడు’ అన్నారు. ఆ వాటా దాత తర్వాత వారసులకు పోయేది, కొన్నిసార్లు మఠానికో సత్రానికో రాసిచ్చేవారు. డబ్బు నీరవడం, నీరు వడ్లవడం, వడ్లు ప్రసాదమవడం, ఆ ప్రసాదం దారినపోయే యాత్రికుడి ఆకులోకి రావడం. పదేళ్ల పిల్లకాయలకు ఆర్థికశాస్త్రం ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు కనబడలేదు.

ఇలాంటి శాసనం ఒక్కటి ఎనిమిది పేజీలకు సరిపోతుంది. మొదటి రెండు పేజీల్లో ఎవరు, ఎన్ని పణాలు, ఏ ఊరు. తర్వాతి రెండింట్లో చెరువు. ఆపైన వంటశాల. చివరి రెండింట్లో ఎవరికి ఎంత వాటా, దానికో బొమ్మ. చెరువు పేజీ దగ్గరే కష్టమొస్తుంది. తవ్వినవాళ్ల పేర్లు శాసనంలో ఉండవు. కథకుడి చెయ్యి అక్కడ ఊరుకోదు, మట్టి తట్ట ఎత్తే పిల్లకు ఓ పేరు పెట్టేస్తుంది. చరిత్ర పుస్తకంలో అలా పెట్టకూడదు. ‘తవ్వినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు’ అన్న ఒక్క వాక్యం చాలు, ఆ పేజీలో పిల్లలకు అదే గుర్తుండిపోతుంది. ఆ పిల్ల కథ విడిగా నవలగా రాయండి, తప్పకుండా రాయండి. అప్పుడు పుస్తకం చివర ఒక పేజీ కేటాయించి ఏ మనిషి కల్పన, ఏ తేదీ నిజం అన్నది పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి.

కొలతలను కిలోల్లోకి మార్చొద్దు. మరకాల్, నాళి వంటివి ఊరికీ గుడికీ మారేవి. ‘ఇన్ని మరకాళ్ల బియ్యం’ అని అలాగే ఉంచి, మరకాల్ అంటే గింజలు కొలిచే పాత్ర అని బొమ్మ వేస్తే సరిపోతుంది.

తేదీల దగ్గర ఎక్కువమంది జారిపడతారు. శకసంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని అందరికీ తెలుసు. అయితే శకసంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న రోజులకు 79 కలపాలి. కృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమలకు వచ్చింది 1513 ఫిబ్రవరిలో. అది శక 1434, ఆంగీరస సంవత్సరం. 78 కలిపితే 1512 అవుతుంది. రెండు పుస్తకాల్లో ఒక ఏడాది తేడా కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే. శాసనంలో శకసంవత్సరం లేకుండా సంవత్సరం పేరొక్కటే ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ పేరు 60 ఏళ్లకోసారి తిరిగొస్తుంది.

తెగని తేదీలూ ఉంటాయి. సామవై అనే పల్లవ రాణి వెండి భోగ శ్రీనివాసమూర్తిని సమర్పించిన సంగతి తిరుమల చరిత్రలో అందరూ చెప్పేదే. సంవత్సరం మాత్రం ఒక పుస్తకంలో 614, ఇంకోదాంట్లో 966. శాసనంలో శకసంవత్సరం లేదు, రాజు పాలనలో ఎన్నో ఏడో మాత్రమే ఉంది. ఆ రాజు ఎవరన్నదాన్నిబట్టి మూడున్నర శతాబ్దాల తేడా వస్తుంది. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు రాసేటప్పుడు ‘వెయ్యేళ్లకు ముందు’ అంటే చాలు. పదకొండు, పన్నెండేళ్ల వాళ్లకు రెండు తేదీలూ ఇచ్చి, తేడా ఎందుకొచ్చిందో చెప్పాలి. నచ్చిన తేదీ ఒకటి వేసేసి రెండోది దాచడం పిల్లలకు అన్యాయం.

చంద్రగిరి గురించి రాసేవాళ్లందరూ మద్రాసు సంగతి ఎత్తుతారు. ఎత్తాల్సిందే. కానీ ‘శ్రీరంగరాయలు 1639లో రాజమహల్‌లో కూర్చుని ఇంగ్లీషువాళ్లకు మద్రాసు రాసిచ్చాడు’ అనే వాక్యం నిలవదు. 1639లో విజయనగర రాజు పెద వెంకటరాయలు. శ్రీరంగరాయలు గద్దెనెక్కింది 1642లో. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి 1639లో అనుమతి ఇచ్చింది, రాజు కింద ఆ ప్రాంతాన్ని ఏలే దామెర్ల వెంకటాద్రి నాయకుడు. శ్రీరంగరాయలు 1645లో దాన్ని మళ్లీ ఖాయం చేశాడు. ముగ్గురినీ ఒక్క వాక్యంలో కుక్కడంవల్ల వచ్చిన చిక్కు ఇది. మూడు చిన్న వాక్యాలు రాస్తే పిల్లలకు రాజు, నాయకుడు అంటే తేడా కూడా తెలిసొస్తుంది.

ఏది ఎంత నమ్మకంగా చెప్పొచ్చో తేల్చుకోవడానికి మూడు క్రియలు పెట్టుకుని పుస్తకమంతా వాటినే వాడితే మంచిది. రాతిమీదో రాగిరేకుమీదో ఉంటే ‘రాసి ఉంది’. పండితులు ఊహించినదైతే ‘చరిత్రకారులు అనుకుంటున్నారు’. ఊళ్లో మాటైతే ‘జనం చెప్పుకుంటారు’. అన్నిటికీ ‘అని చెబుతారు’ తగిలిస్తే పిల్లలకు స్థలపురాణమూ శాసనమూ ఒకటే అయిపోతాయి.

చారిత్రక కథల్లో తిండి దగ్గర పట్టుబడేవాళ్లు చాలామంది. 1513 నాటి తిరుమల వంటశాలలో మిరపకాయ లేదు, కారమంటే మిరియాలే. మిరప, టమాటా, ఉర్లగడ్డ, శెనక్కాయ అన్నీ అమెరికా ఖండం మొక్కలు, పోర్చుగీసువాళ్లు సముద్రం దాటి వచ్చాకే ఇక్కడికి చేరాయి. మదనపల్లె టమాటా మార్కెట్ చూసి పెరిగే పిల్లలకు ఈ సంగతి చెబితే నమ్మరు, అందుకే చెప్పాలి. రాయలవారి చేతిలో లడ్డూ పెట్టడం కూడా తప్పే. ఆనాటి శాసనాల్లో అప్పపడి, అతిరసపడి, వడపడి, మనోహరపడి వంటి నైవేద్యాల పేర్లు కనిపిస్తాయి. అతిరసం అంటే మన అరిసెలాంటిదే. కథకు ఇంత రుచిగల సామగ్రి దొరుకుతుంటే లేని లడ్డూ ఎందుకు?

బొమ్మలు వేసేవారికి ముందే ఆధారాలు ఇవ్వాలి. లేకపోతే కృష్ణదేవరాయల తలమీదికి సినిమా కిరీటం వచ్చేస్తుంది. తిరుమల గుడిలో తిరుమలదేవి, చిన్నాదేవిలతో ఉన్న ఆయన విగ్రహం చూడండి, తలమీద పొడవాటి కుళ్లాయి (టోపీ), చేతులు జోడించి ఉన్నాయి. ఆ ఫోటోనే చిత్రకారుడికి పంపాలి, వర్ణన రాసి పంపితే చాలదు.

పునర్ముద్రణ వేసేముందు స్థలాల పేర్లు ఒకసారి చూసుకోవాలి. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి 2022 ఏప్రిల్‌లో విడి జిల్లా అయింది. చంద్రగిరి, శ్రీకాళహస్తి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నాయి. రాయలు 1516లో కట్టించిన కాళహస్తి రాజగోపురం 2010 మేలో కూలిపోయింది, ఇప్పుడున్నది కొత్తది. పాత ప్రతిని అలాగే అచ్చువేస్తే ‘నేటికీ చెక్కుచెదరని గోపురం’ అని పిల్లలు చదువుకుంటారు.

అచ్చు విషయం. ఫారానికి 16 పేజీల లెక్కన మూడు ఫారాలు, అంటే 48 పేజీలు తొమ్మిది నుంచి పన్నెండేళ్లవాళ్లకు సరైన పొడవు. బొమ్మలు పోగా ఐదారు వేల మాటలు పడతాయి. అక్షరం 16 పాయింట్లు ఉంటే వరుసల మధ్య ఎడం 24 దాకా ఇవ్వాలి. తగ్గిస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుకుని చిన్నపిల్లలు కూడబలుక్కోవాల్సి వస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసిన ప్రతిని డీటీపీలో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోకి మార్చినప్పుడు వత్తులు, అంకెలు చెడిపోయే ప్రమాదం ఉంది. చరిత్ర పుస్తకంలో ఒక్క అంకె మారినా శతాబ్దమే మారిపోతుంది. అందుకే చివరి ప్రూఫు రెండుసార్లు చూడాలి. ఒకసారి భాషకోసం. రెండోసారి రచయిత కాని మరొకరు ఆధార గ్రంథం పక్కన పెట్టుకుని అంకెలు మాత్రమే చూడాలి, వాక్యాలు చదవకూడదు. చదవడం మొదలుపెడితే కన్ను అంకెల్ని దాటేస్తుంది.

అంతకుముందే, ఇంకా బొమ్మలు వేయించకముందు, రెండు అధ్యాయాలు ఐదో తరగతి పిల్లలచేత గట్టిగా చదివించండి. వాళ్లు ఎక్కడ ఆగారో పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఏమడిగారో మార్జిన్లో రాసుకోండి. ‘చెరువు తవ్వినవాళ్లకు ప్రసాదంలో వాటా ఇచ్చారా?’ అని అడిగితే మళ్లీ శాసనం తీసి చూడాలి. దొరికితే అధ్యాయంలో చేర్చాలి, దొరక్కపోతే ఆ ప్రశ్ననే పేజీ అడుగున అచ్చువేయాలి.