ఒక్క సీటు

మే నెలలో సెలవు మీద విశాఖ వచ్చాను. వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు కాబట్టి మావయ్య ఇంటిపట్టునే ఉన్నాడు. పెదజాలరిపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటుంటే పక్కన చేరి ఫోన్లో వీడియో చూపించాను. అమెరికాలోని కాన్సాస్‌లో గోధుమ చేల మీద నేను అల్ట్రాలైట్ అనే బుల్లి విమానంలో ఎగురుతున్న వీడియో. చిన్న ఇంజను, గుడ్డ రెక్కలు, ఒక్క సీటు.

మావయ్య సంబరంగానే చూశాడు. "లైసెన్సుకి ఎంతయిందే?" అని అడిగాడు.

"దీనికి లైసెన్సు అక్కర్లేదు మావయ్యా."

వల మీద చెయ్యి ఆగిపోయింది. "లైసెన్సు లేకండా గాల్లోకి ఎల్లిపోనిత్తారా? పడితే?"

"కింద ఎవరూ ఉండరు. ఊళ్ళ మీద ఎగరకూడదని రూలు. పడితే నాకే."

"నీకేనా? నీ ఒక్కదాని పేణమేటే అది?" అని ఫోను నా చేతిలో పెట్టేశాడు. లోపల చేపలు కడుగుతున్న అమ్మ ఏమీ అనలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం ఆగింది.

నాకు కోపం వచ్చింది. పన్నెండేళ్ళు పరాయి దేశంలో ఒంటరిగా నెట్టుకొచ్చిన మనిషిని, ఇంకా నన్ను చిన్నపిల్లని చేసి మాట్లాడతారేమిటని. అందుకే గబగబా వివరాలు మొదలుపెట్టాను. అక్కడ మామూలు విమానం నడపాలంటే లైసెన్సు ఉండాల్సిందే. కనీసం 40 గంటలు ఎగరాలి, పరీక్షలు పాసవ్వాలి, ఆరోగ్యం బాగుండాలి. ఈ బుల్లిది ఆ లెక్కలోకి రాదు. 1982లో వచ్చిన పార్ట్ 103 అనే నిబంధనలో దీన్ని విమానం అని కూడా అనరు, వాహనం అంటారు. ఖాళీ బరువు 254 పౌన్ల లోపు ఉండాలి, అంటే 115 కిలోలు. పెట్రోలు అయిదు గ్యాలన్లు, 19 లీటర్లు, అంతకు మించి పట్టకూడదు. ఇంజను ఎంత గట్టిగా లాగినా వేగం 55 నాట్లు, అంటే గంటకి దాదాపు 102 కిలోమీటర్లు, దాటకూడదు. నాట్లు అనగానే మావయ్య తలెత్తాడు. "మా బోటు ఎనిమిది" అన్నాడు, మళ్ళీ తల దించుకున్నాడు.

పగటి వెలుగులోనే ఎగరాలి. నేల కనబడుతూ ఉండాలి. ఊళ్ళ మీద, జనం గుమిగూడిన చోట వెళ్ళకూడదు. పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉన్న ఆకాశంలోకి ముందు అనుమతి తీసుకోకుండా దూరకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సీటు ఒక్కటే ఉండాలి. రెండో మనిషిని ఎక్కించుకున్నావా, ఈ వెసులుబాటు పోతుంది.

ఆ రూలు చదివిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది. ప్రభుత్వం అడుగుతున్నది నా గురించి కాదు. పక్క సీట్లో ఎవరైనా ఉన్నారా, కింద ఎవరైనా ఉన్నారా, ఎదురుగా ఇంకో విమానం వస్తుందా, ఇంతే. వాళ్ళకి ప్రమాదం లేకపోతే, మిగిలిన ప్రమాదం నీది, నీ ఇష్టం. భీమిలి దాకా బస్సులో వెళ్ళాలన్నా ఇంట్లో నలుగురిని అడిగి పెరిగిన దాన్ని. నీ ప్రాణం నీ చేతిలో పెడుతున్నాం అని నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

మన దగ్గర ఇలా కుదరదు. మైక్రోలైట్ అనే ఇలాంటి చిన్న విమానమైనా పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ దగ్గర రిజిస్టర్ చెయ్యాలి, నడిపేవాళ్ళకి లైసెన్సు కావాలి. విశాఖలోనైతే నేవీ వాళ్ళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఊళ్ళోనే ఉంది. ఓడలు, జలాంతర్గాములు, రిఫైనరీ, పోర్టు, వాటి మధ్యన ఇన్ని లక్షల జనం. ఇక్కడ ఆకాశాన్ని వదిలెయ్యమని నేను అడగను. 1995 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో ఒక విమానం రాత్రిపూట తుపాకులు జారవిడిచి వెళ్ళింది. అది చూసిన దేశం గాల్లో ఏం కనబడినా ఎవరిదని అడుగుతుంది. అయినా మనవాళ్ళూ చిన్నవాటిని కొంత వదలడం నేర్చుకుంటున్నారు. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల లోపు డ్రోన్‌ని సరదాకి ఎగరేసుకోవడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, నిషేధం ఉన్న చోట్లకి వెళ్ళనంతవరకు.

ఇదంతా చెప్పి, చివరికి మావయ్య మీదకే తిప్పాను. "ఇంజను లేని తెప్పకి వేట నిషేధం లేదు కదా? మరి అదేమిటి?" చేపల సంతతి కోసం పెట్టిన నిషేధం అది, మనుషుల భద్రత కోసం కాదని నాకు తెలుసు. అయినా అన్నాను.

మావయ్య కోప్పడలేదు. "తెప్ప ఎల్తే పేటంతా సూత్తాది. ఎలుగెక్కీసరికి రాకపోతే నాలుగు బోట్లు ఎతకడానికెల్తాయి. నువ్వు రాకపోతే ఎవులికి తెలుత్తాది?"

తెలుస్తుంది. అది ఆయనకి చెప్పడం నాకు చేతకాలేదు, ఇక్కడ రాస్తున్నాను. నేను ఎగిరేది పొలాల మధ్య గడ్డి రన్‌వే. దాని సొంతదారు ఎనభై దాటిన పెద్దాయన. చట్టం అడగకపోయినా, రెండు సీట్ల విమానంలో ట్రైనర్ దగ్గర 15 గంటలు నేర్చుకుని వచ్చేదాకా నన్ను ఒంటరిగా ఎక్కనివ్వలేదు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున ఒకసారి నా కళ్ళు చూసి తాళంచెవి తన జేబులో వేసుకుని, లోపలికి తీసుకెళ్ళి గుడ్లు వేయించి పెట్టాడు. "ఆకాశం రేపూ ఉంటుంది" అన్నాడు. అప్పటినుంచి డ్యూటీ మర్నాడు నేను ఎగరను. గాలి వాటం చూపించే గుడ్డగొట్టం కదలకుండా కిందికి వేలాడుతుంటేనే బయల్దేరతాను. దూరంగా తెల్లగా నిలబడే ధాన్యం గోదాములే నాకు గుర్తు. వేట నుంచి తిరిగొచ్చే మనవాళ్ళకి యారాడ కొండ ఎలాగో అలాగ. అవి కనబడితే ఇంటికొచ్చినట్టే. నేను దిగేదాకా ఆయన వరండాలోంచి లేవడు. ఆ పేటకి జనాభా ఒక్కడు.

కానీ మావయ్య మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే నేను ఎమర్జెన్సీలో నర్సుని. కాన్సాస్‌లో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకి మోటార్ సైకిల్ మీద హెల్మెట్ తప్పనిసరి కాదు. నీ తల నీది అన్నట్టే. మన దగ్గర వెనక కూర్చున్నవాళ్ళకీ తప్పనిసరి. అక్కడ హెల్మెట్ లేని ఆ తలలు రాత్రి రెండింటికి మా దగ్గరకి వస్తాయి. పడ్డది ఒక్కడే, ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు, రూలు ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. కాసేపటికి బయట కుర్చీల్లో భార్య వచ్చి కూర్చుంటుంది, రాత్రి బట్టల మీద కోటు వేసుకుని. తల్లి వస్తుంది. నేను వాళ్ళకి కాఫీ ఇస్తాను, డాక్టరు వచ్చి మాట్లాడతారని చెప్తాను. ఇన్నేళ్ళూ ఆ కుర్చీలకి, నా సీటుకి ఏ సంబంధమూ ఉందనుకోలేదు. అరుగు మీద ఆ మాట వినేదాకా.

అలాగని ఎగరడం మానను. ఆ రూలు తప్పనీ అనను. ఒక్క సంగతి మాత్రం ఇన్నాళ్ళూ వాయిదా వేశాను. ఆ వాహనం మొత్తాన్నీ మోసుకుని కిందికి దించే పారాచూట్ ఒకటి దొరుకుతుంది. పెట్టుకోమని చట్టం బలవంతం చెయ్యదు, పెట్టుకుంటే మాత్రం దాని బరువుకి మినహాయింపు ఇస్తుంది. అంటే బరువు సాకు కూడా లేదు. ఖరీదని ఆగాను. ఓవర్‌టైం డబ్బులు ఇంటి పైకప్పుకి, తమ్ముడి ఫీజుకి పంపుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

బయల్దేరే ముందురోజు అమ్మ అడిగింది ఒక్కటే. "ఎక్కే ముందొకటి, దిగాకొకటి మెసేజ్ పెట్టు. మధ్యలో నేను ఫోను చెయ్యను." అక్కడ పొద్దున్న ఆరున్నర అంటే విశాఖలో సాయంత్రం అయిదు. అలాగే పెడతానన్నాను. పారాచూట్‌కి వాయిదాల మీద ఆర్డర్ ఇచ్చాను. బిగించేదాకా ఎగరడం లేదు. పెద్దాయన ఎందుకని అడగలేదు.

నిషేధం ముగిసిన రాత్రి అమ్మ మెసేజ్ వచ్చింది, మావయ్య వేటకెళ్ళాడని. ఏటా పెడుతుంది. ఏటా బొమ్మొకటి పెట్టి వదిలేసేదాన్ని. ఈసారి రాశాను, "ఎప్పుడొస్తాడు? వచ్చాక చెప్పు."

మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి వస్తాడంది. నాకది అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర, డ్యూటీలో. ఆ వేళకి ఫోను తీసి చూశాను, ఏమీ లేదు. రెండింటికి మళ్ళీ తీశాను. బయట కుర్చీల్లో ఎవరూ లేరు, వెళ్ళి ఒకదాంట్లో కూర్చున్నాను. రెండున్నరకి వచ్చింది.

"వచ్చాడు. వంజరాలు పడ్డాయి."