సాయంత్రం ఐదు గంటల నిమ్మరసం

నాగార్జునసాగర్‌లో, బుద్ధుడు బోధించిన విపశ్యన ధ్యానం నేర్పే కేంద్రంలో పది రోజుల శిబిరానికి నేను రెండోసారి వెళ్ళినప్పుడు, పాత సాధకులకు సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తప్ప మరేమీ ఉండదని తెలిసి కూడా, కొత్తవారి పళ్ళెంలోని మరమరాల మీదికి, అరటిపండు మీదికి నా చూపు పోతూనే ఉండేది. పదకొండు గంటలకు భోజనం చేస్తే మళ్ళీ మర్నాడు ఉదయం ఆరున్నరకే అల్పాహారం.

నాలుగో రోజు ఆ స్టీలు గ్లాసును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. మూడు రోజులపాటు ముక్కుపుటాల దగ్గర శ్వాసనే గమనించిన మనసు కావడం వల్లనేమో, మొదటి గుక్కలోని పులుపు నాలుక అంచులను తాకడం, వెనకనుంచి తీపి రావడం, పంటికింద పడిన ఒక గింజ చేదు, అన్నీ విడివిడిగా తెలిశాయి. గ్లాసు ఖాళీ అయ్యేసరికి పక్క పళ్ళెం గుర్తుకే రాలేదు.

పాలి భాషలోని మంగళ సుత్తంలో బుద్ధుడు సంతుట్ఠిని, అంటే సంతుష్టిని, కతఞ్ఞుతను ఒకే పాదంలో పక్కపక్కన చెప్పాడు. కతఞ్ఞుత అంటే చేసినదానిని ఎరిగి ఉండడం. మనం కృతజ్ఞత అనే మాటలోనూ ఉన్నది ఆ ఎరుకే. ధన్యవాదాలు పలకడం కంటే ముందు, ఈ గ్లాసు నా చేతికి ఎలా వచ్చిందో చూడగలగాలి. బుద్ధుడి బోధల సంకలనమైన అంగుత్తర నికాయంలో ఆయన లోకంలో అరుదైనవారు ఇద్దరని చెప్పాడు: తానే ముందుగా మేలు చేసేవాడు, పొందిన మేలును ఎరిగి దానికి తగినట్టు నడుచుకునేవాడు.

సంతుష్టి అంటే ఉన్నచోటే చతికిలబడడమని కొందరు అనుకుంటారు కానీ, నేను ఒప్పుకోలేను. భిక్షువు కట్టుకునే చీవరంతో, భిక్షతో, పడకతో తృప్తి పడాలని చెప్పిన బుద్ధుడే, కుశల ధర్మాల, అంటే మంచి గుణాల, విషయంలో మాత్రం తాను తృప్తి పడి ఆగిపోలేదని అదే నికాయంలో చెప్పుకున్నాడు.

ఈ శిబిరాలకు రుసుము లేదు. ఇంతకు ముందు సాధన చేసినవారి దానంతోనే నడుస్తాయి. వడ్డించే ధమ్మ సేవకులు కూడా అలా ఒకప్పుడు సాధనకు కూర్చున్నవారే, జీతం తీసుకోరు. చివరి రోజు దానం ఇచ్చే బల్ల దగ్గర నా ముందు నిలబడిన కొత్త సాధకుడు, "మా భోజనాలకు ఎంత కట్టాలండీ?" అని అడిగాడు. రశీదులు రాస్తున్న పెద్దాయన తలెత్తి, "మీది ఎవరో ఎప్పుడో ఇచ్చేశారు బాబూ, ఇది రాబోయేవారికి" అన్నారు.