ఆనిమస్ లోయలో నాన్న, ఒక ఆవిరి ఇంజన్

టికెట్లు బుక్ చేస్తున్నప్పుడు నాన్న అడిగింది ఒక్కటే. "బొగ్గు ఇంజనేనా?" అవునన్నాను. పాత ఫోటోలు చూసి చెప్పిన మాట అది.

కొలరాడోలోని డురాంగో నుంచి సిల్వర్టన్ దాకా 45 మైళ్లు, అంటే దాదాపు 72 కిలోమీటర్లు. ఆనిమస్ నది కొండల్ని కోసుకుంటూ వచ్చిన లోయలోంచి మూడున్నర గంటల ప్రయాణం. వెండి, బంగారం గనుల కోసం వేసిన ఈ లైను 1882 జులైలో సిల్వర్టన్ చేరింది. పట్టాల మధ్య వెడల్పు మూడే అడుగులు. మన బ్రాడ్ గేజ్ అయిదున్నర అడుగులు కదా, నాన్న పట్టాల పక్కన నిలబడి అడుగులు వేసి కొలిచి, "బొమ్మ రైలులా ఉందే" అన్నారు ముద్దుగా. తర్వాత ఇంజన్ దగ్గరికి వెళ్లి గాలి పీల్చి చూశారు.

"ఇది బొగ్గు వాసన కాదమ్మా."

నిజమే. 2018లో ఈ లైను పక్క కొండల్లో పెద్ద కార్చిచ్చు రేగింది. ఆ తర్వాత ఇంజన్లను బొగ్గు నుంచి ఆయిల్‌కి మార్చేశారని అక్కడి గార్డు చెప్పాడు. ఎండిన పైన్ అడవిలో నిప్పురవ్వ ఎంత పని చేస్తుందో నాన్నకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. 1970ల్లో కాజీపేట లోకో షెడ్‌లో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్ మంటలోకి బొగ్గు వేసే పనిలో చేరిన మనిషి. తర్వాత డీజిల్, కరెంటు ఇంజన్లు నడిపి డ్రైవర్‌గా రిటైరయ్యారు గానీ, మాకు చెప్పిన కథలన్నీ పార పట్టిన రోజులవే. కుడి మోచేతి మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

సిల్వర్టన్ వైపు వెళ్లేటప్పుడు కుడి పక్క సీట్లు తీసుకోండి. నది ఎక్కువగా అటే కనిపిస్తుంది. మేం పక్కలన్నీ తెరిచి ఉండే పెట్టెలో కూర్చున్నాం. మొదటి గంట పచ్చిక బయళ్లు, పశువులు, ఇళ్లు. రాక్‌వుడ్ దాటాక ఉన్నట్టుండి నేల మాయమైంది. కొండని పేల్చి చెక్కిన అంచు మీద, నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో రైలు పాకుతోంది. ఎడమ పక్క రాయి చెయ్యి చాపితే అందేలా ఉంది. కుడి పక్క వందల అడుగుల కింద నది. ఆ ఇరుకులో నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా, కదులుతున్నట్టే లేవు. అమ్మ నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసేసుకుంది. నాన్న మాత్రం కిందకి చూడటమే లేదు. తల ఒక పక్కకి వంచి ఇంజన్ చప్పుడు వింటున్నారు.

"గ్రేడియంట్ పెరిగింది. విను, దమ్ము కడుతోంది చూడు."

నేను విన్నాను. అంతవరకూ ఒకే మోతలా ఉన్నది విడివిడి ఊపిరులైంది. ఒక్కో ఊపిరికీ లోయ అవతల గోడ నుంచి జవాబు వస్తోంది.

వంతెన దాటగానే ఇంజన్ పక్క నుంచి తెల్లటి ఆవిరి నది మీదకి భళ్లున చిమ్మింది. అందరూ ఉలిక్కిపడ్డారు. "బ్లోడౌన్," అన్నారు నాన్న తాపీగా. బాయిలర్ అడుగున చేరిన మడ్డి అలా తోసేస్తారట. ఆ ఆవిరిలో ఎండ పడి చిన్న ఇంద్రధనుస్సు కట్టింది. రోజూ ఇంద్రధనుస్సు చూసే ఉద్యోగమని ఇన్నేళ్లలో మాకెప్పుడూ చెప్పలేదేం అని అడిగితే, "మాకు చూసే టైం ఎక్కడిది" అన్నారు.

నీడిల్టన్ దగ్గర వీపున పెద్ద సంచులతో కొందరు కుర్రాళ్లు దిగారు. అక్కడికి రోడ్డు లేదు. కొండలెక్కేవాళ్లకి ఈ రైలే బస్సు. అక్కణ్నుంచి నది పట్టాల పక్కకే వచ్చేసింది, తెల్లటి నురగతో. సిల్వర్టన్ దగ్గర పడేకొద్దీ కొన్నిచోట్ల రాళ్లకి తుప్పు రంగు. 2015 ఆగస్టులో పైనున్న గోల్డ్ కింగ్ గనిలోంచి సుమారు 30 లక్షల గ్యాలన్ల మురికి నీరు పొంగి, ఈ నది అంతా ఆవపిండి రంగుకి మారిన వార్త నాకు గుర్తుంది. అంత అందమైన నీటిని చూశాక ఆ సంగతి తలుచుకుంటే కడుపులో తిప్పినట్టయింది. గనులు మూతపడినా గని నీళ్లు ఆగవు.

సిల్వర్టన్ 9,318 అడుగుల ఎత్తు. నాలుగడుగులు వేస్తే అమ్మకి ఆయాసం. ఆమెని నీడలో కూర్చోబెట్టి మేమిద్దరం ఇంజన్ దగ్గరికి వెళ్లాం. 1925లో బాల్డ్విన్ కంపెనీ చేసిన ఇంజన్ అని తెలియగానే నాన్న మొహం వెలిగింది. మన దగ్గర ప్యాసింజర్ రైళ్లు లాగిన డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజన్లలో మొట్టమొదటివి 1947లో చేసింది బాల్డ్వినే. "మనవాళ్లే!" అన్నారు.

క్యాబ్‌లోంచి తొంగి చూసిన ఫైర్‌మన్ పాతికేళ్ల అమ్మాయి. నాన్న ఉద్యోగం గురించి చెప్పాను. ఇప్పుడు పారతో పని లేదు కదా అని నాన్న నా చేత అడిగించారు. ఆ అమ్మాయి నవ్వి లోపల్నుంచి ఒక చిన్న ఇనప చేట, ఇసక డబ్బా తీసి చూపించింది. ఆయిల్ మంటకి గొట్టాల్లో మసి పేరుకుంటుందట. మంట మండే ఫైర్‌బాక్స్‌లోకి చేటెడు ఇసక విసిరితే, పొగ లాగే ఊపుకి ఆ ఇసక గొట్టాలన్నీ గీకుతూ బయటికి పోతుందట.

నాన్న ఆ చేట తీసుకుని, కాళ్లు కాస్త ఎడం చేసి, నడుం వంచి, ఖాళీ గాలిలోకి ఒక్కసారి విసిరి చూపించారు. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.