బండి 60లో, ముల్లు 84 మీద

బండికి సెకండ్‌హ్యాండ్ స్పీడోమీటర్ బిగించడం అరగంట పని. నాకు మూడు రోజులు పట్టింది.

విప్పడం తేలికే. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, వైర్లకు ఫోటో తీసుకుని, కేబుల్ (ముందు చక్రం తిరుగుడుని మీటర్‌కి చేర్చే తీగ) నట్టు వదులు చేసి, కింద రెండు నట్లు విప్పితే మీటర్ చేతికొస్తుంది. బల్బు హోల్డర్లు రబ్బరువి, లాగితే వచ్చేస్తాయి. మీటర్ కింద రబ్బరు బుష్‌లు బిరుసెక్కి ఉంటే కొత్తవి వేయండి. అవి లేకుండా బిగిస్తే ఇంజన్ అదురుకి మీటర్ లోపలి భాగాలు త్వరగా అరిగిపోతాయి.

బిగించి బయల్దేరితే ఫోన్ జీపీఎస్‌లో 30, మీటర్లో 42. అక్కడ 60, ఇక్కడ 84. కేబుల్‌దే తప్పనుకుని కొత్తది వేశాను. మళ్లీ అదే 84. సిగ్గుపడాల్సింది ఇక్కడే. ముల్లు ఊగిసలాడితే కేబుల్ ఎండిందనో, మడత పడిందనో అనుకోవచ్చు. నిలకడగా ఒకే నిష్పత్తిలో ఎక్కువ చూపిస్తుంటే కేబుల్‌కేం సంబంధం? అది తిరుగుతుంది, లేదా తెగుతుంది; ఉన్నదానికన్నా ఎక్కువైతే తిరగదు.

జవాబు డయల్ మీదే ఉంది, అడుగున చీమంత అక్షరాల్లో: డబ్ల్యూ = 1.0. అంటే కిలోమీటరుకి కేబుల్ 1000 చుట్లు తిరిగితే సరిగ్గా చూపించే మీటర్. నా బండి ముందు చక్రం దగ్గరి గేరు 1400 చుట్లు తిప్పుతుంది. అందుకే అన్నిచోట్లా 1.4 రెట్లు. "ఏ బండికైనా సరిపోతుంది" అని అమ్మినవాడు మరలు సరిపోతాయన్నాడు కాబోలు.

మీ బండి లెక్క కొనకముందే తేల్చుకోవచ్చు. మీటర్ వైపు కేబుల్ ఊడదీసి, లోపలి తీగ కొనకి చిన్న టేపు ముక్క జెండాలా అంటించండి. ముందు చక్రం ఎత్తి పది చుట్లు తిప్పుతూ జెండా చుట్లు లెక్కపెట్టండి. నా టైరు చుట్టుకొలత 1.9 మీటర్లు, పది చుట్లకి 19 మీటర్లు. జెండా ఇరవై ఆరున్నర చుట్లు తిరిగింది. 26.5ని 19తో భాగిస్తే దాదాపు 1.4.

ముల్లు పీకి వెనక్కి పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. 60 దగ్గర సరిచేస్తే 30 దగ్గర తప్పుతుంది, తిరిగిన కిలోమీటర్లు చూపే ఓడోమీటర్ ఎలాగూ 1.4 రెట్లే పరిగెడుతుంది.

రెండోసారి 1.4 మీటరే తెచ్చి, బిగించేముందు డ్రిల్‌తో పరీక్షించాను. 60 వేగమంటే నిమిషానికి కిలోమీటరు, కాబట్టి 1400 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 1400 చుట్లు) దగ్గర ముల్లు 60 చూపాలి. పాత కేబుల్ తీగ ముక్కని బిట్టు పెట్టే చోట, అంటే డ్రిల్ చక్‌లో బిగించి, రెండో కొన మీటర్లో పెట్టి మెల్లగా మొదలుపెట్టాలి. ముల్లు సున్నా వైపే నొక్కుకుంటుంటే దిశ తప్పు, వెంటనే ఆపేయాలి.

కేబుల్ తీగకి గ్రీజు పలచగా రాసి, మీటర్ వైపు చివరి జానెడు మాత్రం పొడిగా వదిలేశాను. లేదంటే గ్రీజు పైకి పాకి మీటర్లో అయస్కాంతానికీ అల్యూమినియం గిన్నెకీ మధ్య చేరి ముల్లుని పట్టేస్తుంది.

ఇప్పుడు 60కి 63 చూపిస్తోంది. కొంచెం ఎక్కువ చూపేలానే తయారుచేస్తారు, దాన్ని ముట్టుకోలేదు. మొదట తీసేసిన మీటర్లో 41,260, కొత్తదాంట్లో 18,905. రెండు అంకెలూ తేదీతో సర్వీసు పుస్తకంలో రాసిపెట్టాను, బండి కొనేవాడికి చూపించాలి కదా.