తిమోతి వాళ్ల అమ్మమ్మ

హాలిఫాక్స్‌లో తెలుగువాళ్లు సంక్రాంతికి, ఉగాదికి కలిసినప్పుడు మేమూ తప్పకుండా వెళ్తాం. మా అమ్మాయి ముగ్గు వేస్తుంది, మావాడు పద్యం చెప్తాడు. అక్కడ ఎవరో ఒక ఆంటీ ప్రేమగానే అడుగుతారు: "మీరు చర్చికి వెళ్తారట కదమ్మా, కెనడా వచ్చాక మారారా?" బడిలో ఇంకో రకం ప్రశ్న. "మీది ఇండియా కదా, బైబిల్‌తో నీకేం పని?" అంటారు తోటి పిల్లలు. ఇంకొందరు ఆ పుస్తకమే పాతకాలం కథలని తీసిపారేస్తారు. పద్నాలుగేళ్ల పిల్ల ఈ మాటలన్నీ మనసులో పెట్టుకుని ఇంటికొస్తుంది. మాలాంటి ఇళ్లలో అసలు చిక్కు ఇదే. తెలుగుతనం, కెనడా, క్రైస్తవ విశ్వాసం, ఈ మూడింటిలో ఏదో ఒకటి పరాయిదని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు.

మాది టెక్కలి. మా తాతల కాలం నుంచీ బాప్టిస్టు సంఘంలో ఉన్నాం. "కెనడా వచ్చాక మారారా" అన్న ప్రశ్న మా అమ్మ చెవిన పడితే "ఓలమ్మ, అదేటి మాట!" అంటుంది. కానీ ఆ ప్రశ్నలో మా పిల్లలకు తెలియాల్సిన చరిత్ర ఉంది. మేం ఇప్పుడుంటున్న ఈ నోవా స్కోషియా నుంచే ఒకప్పుడు మా వైపు మిషనరీలు వచ్చారు. కాన్సో అనే రేవూరికి చెందిన మరియా నోరిస్ అనే యువతి 1870లో ఇక్కడి బాప్టిస్టు చర్చిలు తిరిగి ఆడవాళ్లను చిన్న చిన్న సంఘాలుగా కూర్చింది. వాళ్లు కూడబెట్టిన డబ్బుతోనే బర్మాకు ఓడెక్కింది. 1875లో ఈ ప్రాంతపు మిషనరీల బృందం బర్మా వైపు నుంచి తెలుగు నేలకు మారింది. బొబ్బిలి, భీమిలి, అప్పట్లో చికాకోలు అని పిలిచిన మా శ్రీకాకుళం వాళ్ల స్థావరాలయ్యాయి. వాళ్లకంటే ముందే, 1805లో, లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగి తెలుగులోకి సువార్తలు అనువదించే పని మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు ఆ పనిలో వాళ్లకు తోడున్నాడు. మొదటి మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. అంటే మొదట అచ్చయిన తెలుగు సువార్త మా ఉత్తరాంధ్రలో పుట్టిందన్నమాట. ఇది చెప్తున్నప్పుడు మా అమ్మాయి ముఖం వెలిగింది. వెంటనే ఒక ప్రశ్న కూడా వేసింది: "మరి వాళ్లన్నది కరెక్టే కదమ్మా? ఇక్కణ్నుంచే కదా వచ్చింది?"

నోవా స్కోషియాకు కూడా బైబిల్ బయటి నుంచి వచ్చిందే అని చెప్పాను. పాత నిబంధన హెబ్రీలో, కొంత భాగం అరామిక్‌లో, కొత్త నిబంధన గ్రీకులో రాశారు. రాసినవాళ్లు యెరూషలేములోనో, బబులోను చెరలోనో, ఏదో ఓడరేవులోనో, రోములో చెరసాలలోనో ఉన్నవాళ్లు. అందులో సొంత ఊళ్లో పుట్టి అక్కడే హాయిగా ముసలివాళ్లయినవాళ్లు చాలా తక్కువ. అబ్రాహాము ఊరు విడిచాడు. మోషే ఫరో ఇంట పెరిగాడు. దానియేలు పేరునే రాజుగారి మనుషులు మార్చేశారు. "అన్యుల దేశములో యెహోవా కీర్తనలు మనమెట్లు పాడుదుము?" అని 137వ కీర్తనలో ఏడ్చినవాళ్లు బబులోనుకు చెరగా పోయినవాళ్లే. ఐగుప్తు (ఈజిప్టు)లోని అలెగ్జాండ్రియాలో స్థిరపడ్డ యూదుల పిల్లలకు హెబ్రీ రాకుండా పోతే, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలోనే వాళ్ల కోసం లేఖనాలను గ్రీకులోకి మార్చడం మొదలుపెట్టారు. మా పిల్లలు ఇంగ్లీషులో బైబిల్ చదువుతుంటే "తెలుగు బైబిల్ పోయిందా" అని బాధపడే పెద్దలకు నేను ఈ సంగతే చెప్తుంటాను. పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో, ఏ భాషలో ఏడుస్తుందో, ఆ భాషలోనే వాక్యం ముందు లోపలికి దిగాలి. తెలుగు మేం వెనక నుంచి నేర్పుకుంటాం.

వీళ్లందరిలో నాకు ఎక్కువ దగ్గరయినవాడు తిమోతి, అపొస్తలుడైన పౌలు శిష్యుడు. బైబిల్ అంటే ఏమిటని ఎవరడిగినా పాస్టర్లు మొదట చూపించే వచనం తిమోతికి పౌలు రాసిన రెండో పత్రిక, అంటే ఉత్తరం, మూడో అధ్యాయంలోదే. దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము ఉపదేశించడానికి, తప్పు దిద్దడానికి పనికొస్తుందనే మాట. చిన్నప్పుడు సండే స్కూల్లో మాకు కంఠత వాక్యం అది. కానీ అది ఎవరికి రాశారన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. వాళ్ల ఊరు లుస్త్ర, ఇప్పటి టర్కీలో ఉంది. బైబిల్లోని అపొస్తలుల కార్యములు అనే పుస్తకంలో చూస్తే ఆ ఊరివాళ్లు లుకయొనియ భాష మాట్లాడతారు, గ్రీకు దేవుడు ద్యుపతి (జ్యూస్) గుడి ఉంటుంది, సువార్త చెప్పడానికి వచ్చిన పౌలు బర్నబాలనే దేవుళ్లనుకుని ఎడ్లు, పూదండలు పట్టుకొస్తారు. యూదుల సమాజమందిరం ఉన్నట్టు అక్కడ ఒక్క మాట లేదు. అలాంటి ఊళ్లో ఆ పిల్లవాడికి పసితనం నుంచే లేఖనాలు ఎలా తెలిశాయి? అదే పత్రికలో పౌలు పేర్లు పెట్టి మరీ చెప్పాడు: అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే. ఇంటి బయట ఒక లోకం, ఇంటి లోపల ఒక లోకం, మధ్యలో ఇద్దరు ఆడవాళ్లు. బైబిల్ విలువ గురించి అంత పెద్ద మాట రాసింది అలా రెండు సంస్కృతుల మధ్య పెరిగిన ఒక కుర్రాడికే. ఇది తెలిశాక నా గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. ఊళ్లో చుట్టూ సంఘం ఉంటేనే విశ్వాసం నిలుస్తుందనుకునేదాన్ని. లోయికి ఏ సంఘముంది?

అదే పత్రిక చివర్లో, చెరసాలలో ఉన్న పౌలు ఇంకో మాట రాశాడు. త్రోయలో కర్పు ఇంట వదిలేసిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలు, చర్మపు కాగితాలు తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. జనవరిలో ఒక రాత్రి భోజనాల దగ్గర ఇది చదువుతుంటే మావాడు చెంచా కింద పెట్టేశాడు. "పౌలుకి జాకెట్ లేదా?" అని వాడి బెంగ. బయట మంచు మోకాలి లోతున ఉంది. జాకెట్ లేకపోతే ఏమవుతుందో వాడికి బాగా తెలుసు. బైబిల్ స్వభావం ఏమిటో ఆ రాత్రి వాడికి విడిగా చెప్పక్కర్లేకపోయింది. దేవుడు మాట్లాడాడని మేం నమ్ముతాం. చలికి వణికే ఒక ముసలి ఖైదీ ఉత్తరంలో మాట్లాడాడు. సువార్త రాసిన లూకా అయితే అన్నిటినీ మొదటి నుంచి తరచి పరిష్కారంగా తెలుసుకుని వరుసగా రాస్తున్నానని ముందే చెప్పుకున్నాడు. పౌలు పత్రికల్లో కొన్ని సంగతులు గ్రహించడం కష్టమని పేతురు పత్రికే ఒప్పుకుంది. రాసినవాళ్ల చెయ్యి, గొంతు, ఊరు ఏవీ చెరిగిపోకుండానే అది దేవుని మాట అయింది. ఆకాశం నుంచి కట్టగట్టి పడిన పుస్తకమని పిల్లలకు చెప్తే, బడిలో మొదటి ప్రశ్నకే వాళ్లు తడబడతారు.

"ఇన్నిసార్లు చేత్తో రాసుకుంటూ వచ్చారు, మారిపోలేదా?" అని మా అమ్మాయిని క్లాసులో అడిగారు. దానికి 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో దొరికిన చుట్టల సంగతి చెప్పాను. అందులో యెషయా గ్రంథం పూర్తిగా ఉంది, క్రీస్తుకు ముందుది. అప్పటిదాకా చేతిలో ఉన్న హెబ్రీ ప్రతుల కంటే సుమారు వెయ్యేళ్లు పాతది. పోల్చి చూస్తే అక్షరాల్లో, పదాల్లో చిన్న తేడాలు ఉన్నాయి, గ్రంథం మాత్రం అదే. తేడాలున్నాయన్న సంగతి కూడా దాచకుండా చెప్పాను. పండితులు వాటిని అచ్చు వేసి అందరికీ చూపిస్తున్నప్పుడు ఇంట్లో నేనెందుకు దాచాలి?

మా అమ్మ బైబిల్ గురించి చెప్పాలి. నల్ల అట్ట, ఎర్రంచు కాగితాలు, దర్జీ కుట్టిచ్చిన గుడ్డ సంచీ. మొదటి పేజీలో మా అందరి పుట్టిన తేదీలు, మా నాన్నగారు ప్రభువు దగ్గరకు వెళ్లిన తేదీ అమ్మ దస్తూరీలో ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పెంకులు ఎగిరిపోయి ఇల్లంతా తడిసింది. ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగిన తుఫాను అది. కరెంటు వచ్చాక అమ్మ ఆ బైబిల్‌ని ఫ్యాన్ కింద పెట్టి, ఆకూ ఆకూ విడదీసి, మధ్యలో న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి ఆరబెట్టింది. కీర్తనల దగ్గర కాగితాలు ఇప్పటికీ అలల్లా ముడతలు పడి ఉంటాయి. కొత్తది కొని పంపుతానంటే వద్దంది. ఆమె చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత అక్షరం మర్చిపోకుండా నిలబెట్టింది ఈ పుస్తకమే. ఆమె అమ్మమ్మకైతే బడి గుమ్మం ఎక్కే వీలే లేదు. మా కులంవాళ్లను చదువు దగ్గరకు రానివ్వని రోజులవి. వాక్యం చదువుకోవాలి కాబట్టి అక్షరాలు నేర్చుకో అని ఆమెకు ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ఒక బైబిలు స్త్రీ పలక ఇచ్చింది. బైబిల్ మాకు ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే మా పిల్లలు ఈ సంగతి తల ఎత్తుకుని చెప్పాలి. పరలోకం మాట తర్వాత, ముందు ఈ లోకంలో పలక పట్టుకునే ధైర్యం ఇచ్చింది.

మా వైపు పసిబిడ్డ తలగడ కింద బైబిల్ పెడతారు. పరీక్షకు వెళ్లేముందు కళ్లు మూసుకుని పేజీ తెరిచి వేలు పెట్టి దేవుడి వాగ్దానం వెతుక్కుంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఒక్కొక్కరికీ వాక్యం కార్డు ఇస్తారు. ఆ ప్రేమను నేను తీసిపారేయను. కానీ పిల్లలకు తీపి వాక్యాలు మాత్రమే ఏరి ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. "నీ వాక్యము నా పాదములకు దీపము" అని నేర్పి, ఆ దీపం వెలుగులో కనబడే గుంతల గురించి చెప్పకపోతే ఎలా?

గుంత రానే వచ్చింది. మా అమ్మాయి 137వ కీర్తన తనే చివరిదాకా చదివింది. శత్రువుల పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడన్న మాట దగ్గర ఆగిపోయింది. "ఇది కూడా దేవుడి మాటేనా?" గొంతు వణికింది. ఆ శనివారం పొద్దున్న వీడియో కాల్‌లో, అమ్మకు అది లైట్లు వేసే వేళ, నేరుగా అమ్మమ్మనే అడిగేసింది. నేను కంగారు పడ్డాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ముడతలు పడ్డ ఆ పేజీ తీసి, లోపల్లోపల చదువుకుంది. తర్వాత చెప్పింది: "ఆళ్ల పిల్లల్ని ఆళ్ల కళ్లముందే అలాగ సంపేసినారు గావాల గుంటా. కడుపు మండిపోయినోడు దేవుడికాడ కాకపోతే ఎవులికాడ ఏడుస్తాడు? ఏడుపు రాసినారు. నువ్వు సెయ్యమని రాయలేదు."

ఆ తర్వాత నేను చెప్పగలిగింది కొంచెమే. బైబిల్లో ఉన్న ప్రతి మాటా దేవుడి ఆజ్ఞ కాదు, కొన్ని మనుషులు దేవుడి ముందు పెట్టిన మొర. క్రైస్తవులం మొత్తం గ్రంథాన్ని యేసు వైపు నుంచి చదువుతాం. "మీ శత్రువులను ప్రేమించుడి" అని చెప్పి, సిలువ మీద తనను చంపుతున్నవాళ్ల కోసం ప్రార్థించినవాడు ఆ కీర్తనలు వింటూ, పాడుతూ పెరిగినవాడే. ఆ కోపం ఎక్కడికి చేరాలో ఆయనలో కనబడుతుంది. అది నా నమ్మకం. మా అమ్మాయికి వెంటనే సరిపోలేదు, సరిపోవాలని నేను తొందరపెట్టలేదు. కానీ ఆ రోజు నుంచి ప్రశ్నలు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. అది నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఈ మాటలు పిల్లలకు ఎప్పుడు నేర్పాలో చెప్పింది: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. మాకు త్రోవ అంటే హాకీ ప్రాక్టీసుకు వెళ్లే కారు. పొద్దున్నే చీకట్లో, హీటర్ వేడెక్కేలోపు, మావాడు అడిగే ప్రశ్నలు ఏ సండే స్కూల్లోనూ అడగడు.

ఇప్పుడు యోబు గ్రంథం చదువుతున్నాం. నోట్‌బుక్‌లో కొత్త ప్రశ్న పడింది. కష్టాల్లో ఉన్న యోబుతో అతని స్నేహితులు పేజీలకు పేజీలు మాట్లాడతారు, చివర్లో దేవుడే వాళ్లు తన గురించి యుక్తంగా పలకలేదంటాడు. మరి వాళ్ల మాటలు గోడ క్యాలెండర్ల మీద వాగ్దానాలుగా ఎలా వేస్తారు? మొన్న శనివారం అది అమ్మమ్మ ముందు పెట్టింది. అమ్మ చాలాసేపు ఆలోచించి, నలభై రెండు అధ్యాయాలూ మళ్లీ మొదటి నుంచి చదవాలంది, వచ్చే వారం దాకా ఆగమంది, ఈలోపు చర్చి అయ్యగారిని కూడా కనుక్కుంటానంది.